"తక్కువ గంటలే తిరిగింది" అని అమ్మే టూ-స్ట్రోక్ అల్ట్రాలైట్‌లతో జాగ్రత్త

అమెరికాలో సెకండ్ హ్యాండ్ అల్ట్రాలైట్ (ఒక్కరే ఎగిరే తేలికపాటి చిన్న విమానం) కొందామని చూస్తున్న మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. ప్రకటనలో "లో అవర్స్" అని కనబడగానే అడ్వాన్సు పంపకండి. టూ-స్ట్రోక్ ఇంజిన్‌కి ఆ మాట చూసి ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వనక్కర్లేదు. ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్నదైతే ధర ఇంకా తగ్గించమని గట్టిగా అడగాలి.

హ్యూస్టన్ దగ్గర ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో ఒకాయన దగ్గర సింగిల్ సీటర్ కొన్నాను. ఇంజిన్ రోటాక్స్ కంపెనీది, 447 మోడల్. రెండు సిలిండర్లు, గాలితోనే చల్లబడే రకం, 40 హార్స్‌పవర్. అరవై గంటలే తిరిగిందన్నాడు. ఎప్పుడూ హ్యాంగర్‌లోనే ఉంది, వాన చుక్క కూడా పడలేదన్నాడు. తాడు లాగగానే అందుకుంది, శబ్దమూ శుభ్రంగా ఉంది. ఎన్నాళ్లుగా ఎగరలేదని అడిగితే "ఈ మధ్య కాస్త తగ్గించాను" అన్నాడు. నిజానికి అది ఎగిరి ఏళ్లు దాటిపోయిందని తర్వాత పక్క హ్యాంగర్ వాళ్లు చెప్పారు.

తెచ్చాక ఎగరకముందు తోకను చెట్టుకు కట్టేసి గ్రౌండ్ రన్ (నేల మీదే ఇంజిన్ నడిపి చూడటం) మొదలుపెట్టాను. ఫుల్ థ్రాటిల్‌లో ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత మామూలుగానే ఉంది, రెండోది మాత్రం 650 డిగ్రీల సెల్సియస్ హద్దు వైపు పరుగెత్తింది. వెంటనే ఆపేసి, ఈ ఇంజిన్లు బాగా తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ దారులు మూసి, లోపలికి ఐదారు పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి ఎక్కించాడు. ప్రెజర్ గేజీ ముల్లు నిలబడలేదు. ఫ్లైవీల్ తీసి సబ్బు నీళ్లు రాస్తే మాగ్నెటో (స్పార్క్‌కి కరెంటు పుట్టించేది) వైపు క్రాంక్ సీల్ చుట్టూ బుడగలు. రబ్బరు ఎండి గట్టిపడిపోయింది. టూ-స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి కలిసి క్రాంక్‌కేస్ (క్రాంక్ తిరిగే కింది పెట్టె) గుండానే సిలిండర్‌లోకి వెళ్తాయి కాబట్టి, ఆ సీల్ దగ్గర సందు పడితే బయటి గాలి దొంగతనంగా లోపలికి చేరుతుంది. మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కుతుంది, చివరికి సిలిండర్‌లో పట్టేస్తుంది. ఆర్ఎక్స్ 100 నడిపినవాళ్లకి బండి సీజ్ అవడం అంటే ఏమిటో తెలుసు. అక్కడైతే క్లచ్ పట్టుకుని రోడ్డు పక్కన ఆపుకోవచ్చు.

అసలు బాధ క్రాంక్‌కేస్ విప్పాక తెలిసింది. బేరింగుల్లో తుప్పు. రోలర్లు తిరిగే దారిలో సూదితో పొడిచినట్టు గుంటలు. కారు ఇంజిన్‌లోలా దీనికి కింద ఆయిల్ చాంబర్ ఉండదు. పెట్రోలులో కలిపిన టూటీ ఆయిల్, 50 వంతులకి ఒక వంతు, అదే బేరింగులకి ఆధారం. ఇంజిన్ ఆగి నెలలు గడిచేకొద్దీ ఆ పొర జారిపోతుంది. గల్ఫ్ తీరం ఉక్కపోత సంగతి తెలిసిందే. పైగా ఇక్కడి బంకుల్లో పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. అందుకే రోటాక్స్ ఈ ఇంజిన్లకి ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) గడువుని "300 గంటలు లేదా 5 సంవత్సరాలు, ఏది ముందైతే అది" అని పెట్టింది. అమ్మేవాళ్లు గంటలే చెప్తారు. సంవత్సరాలు మీరే అడగాలి.

క్రాంక్, సీల్స్, బేరింగులు, రింగులు మార్చడానికి అయిన ఖర్చు విమానం ధరలో మూడో వంతు. అమ్మినాయన్ని అడిగితే "ఉన్నది ఉన్నట్టుగా" అమ్మానని రసీదు చూపించాడు. కాగితం మీద ఆయనదే పైచేయి. ఈ విమానాలు ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) పార్ట్ 103 కిందకి వస్తాయి. 1982 నుంచి ఉన్న ఆ నిబంధన ప్రకారం ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు ఉన్న సింగిల్ సీటర్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఎగరడానికి పనికొస్తుందనే ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ అక్కర్లేదు. లాగ్‌బుక్ చూపించమని అడిగే అధికారీ లేడు. ఆ స్వేచ్ఛ నాకూ ఇష్టమే. కానీ గంటల లెక్కకి అమ్మేవాడి నోటి మాట తప్ప సాక్ష్యం ఉండదు. నేను కొన్నదానిలో గంటలు లెక్కపెట్టే అవర్ మీటర్ మాత్రం కొత్తదానిలా మెరిసిపోతోంది, దాని పక్కనున్న మిగతా గేజీలన్నీ ఎండకి వెలిసిపోయి ఉన్నాయి.

కాబట్టి డబ్బు చేతులు మారకముందు ఒక పని తప్పకుండా చేయించండి. కార్బ్యురేటర్ విప్పించి, ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పి పిస్టన్‌ని పైకి తెచ్చి, ఇన్‌టేక్ పోర్టు (పెట్రోలు, గాలి లోపలికి వెళ్లే రంధ్రం) లోంచి టార్చి వేసి చూడండి. రోటాక్స్ మోడళ్లలో 447, 503 రెండూ పిస్టన్ పోర్టు ఇంజిన్లు, పిస్టన్ పైకి వెళ్లగానే కిందనున్న కనెక్టింగ్ రాడ్, క్రాంక్ కంటికి కనిపిస్తాయి. ఆయిల్‌తో నిగనిగలాడుతుంటే సరే. గోధుమ రంగు మరకలు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. 582 మోడల్‌లో రోటరీ వాల్వు అడ్డం వస్తుంది, ఇలా చూడటం కుదరదు. తర్వాత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ తీయించి పిస్టన్ పక్కలు చూడండి: నిలువు గీతలుంటే ఒకసారి పట్టేసిన ఇంజిన్ అని అర్థం. రింగుని సన్నని చెక్క పుల్లతో నొక్కితే స్ప్రింగులా లోపలికి వెళ్లి రావాలి, కార్బన్‌లో ఇరుక్కుపోయి ఉండకూడదు. కార్బ్యురేటర్ బిగించే రబ్బరు సాకెట్‌ని వంచి పగుళ్లు వెతకండి. ప్రెజర్ టెస్టుకి ఒప్పుకోని అమ్మకందారుతో వాదించకండి, వెనక్కి వచ్చేయండి.

హ్యాంగర్‌లో ఆయిల్ డబ్బా కూడా చూడండి. నాకు అమ్మినాయన షెల్ఫులో ఉన్నది టీసీ-డబ్ల్యూ3, అంటే నీటితో చల్లబడే పడవ ఇంజిన్ల ఆయిల్. గాలితో చల్లబడే ఇంజిన్ వేడికి అది పనికిరాదు. ఏపీఐ టీసీ అని రాసి ఉన్నదే పొయ్యాలి.

ఇప్పటికే ఇలాంటి ఇంజిన్ ఉన్నవాళ్లు కొన్ని వారాల పాటు ఎగరం అనుకుంటే ఆఖరి రన్‌లో కార్బ్యురేటర్ గుండా ఫాగింగ్ ఆయిల్ (తుప్పు పట్టకుండా కాపాడే ఆయిల్) పట్టించి ఆపండి, ఫ్లోట్ బౌల్ (కార్బ్యురేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నె) ఖాళీ చేయండి. దొరికితే ఇథనాల్ లేని పెట్రోలే వాడండి. "వారానికోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలు" అని చాలామంది సలహా ఇస్తారు, దయచేసి వినకండి. పూర్తిగా వేడెక్కకుండా ఆపిన ప్రతిసారీ మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి లోపలే చల్లబడి బేరింగుల మీద నిలుస్తుంది.

ఈ ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోవచ్చని రోటాక్స్ తన మాన్యువల్‌లోనే హెచ్చరిస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్న ఇంజిన్‌కే ఆ మాట చెప్పింది. టెక్సాస్‌లో ఎవరైనా ఇలాంటిది చూడబోతుంటే, ఇన్‌టేక్ పోర్టులోంచి తీసిన ఫోటో ఇక్కడ పెట్టండి. నేను చూసి, మా మెకానిక్‌కి కూడా చూపించి చెప్తాను. ఫోటో చూసేదాకా అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.