డ్రాగ్ కారుకి మెకానిక్ స్టెతస్కోప్: కొన్నేళ్ళు వాడాక నా అభిప్రాయం

మెకానిక్ స్టెతస్కోప్ చూడ్డానికి డాక్టరు మెడలో ఉండేలాంటిదే. గుండె మీద ఆనించే బిళ్ళ బదులు సన్నటి స్టీలు కడ్డీ ఉంటుంది, అంతే తేడా. విజయవాడ ఆటోనగర్‌లో పొడుగు స్క్రూడ్రైవర్‌ని ఇంజిన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని వినే మెకానిక్కుల్ని చూసినవాళ్ళకి ఇందులో వింతేం కనపడదు. నేను దీన్ని వాడేది టెక్సస్‌లో, 350 స్మాల్ బ్లాక్ షెవీ (షెవర్లే వీ8) ఇంజిన్ ఉన్న పాత కమారో కారు మీద. డాలస్‌కి దక్షిణాన ఎనిస్‌లో ఉన్న టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌లో పావు మైలు, అంటే 402 మీటర్లు, నిలబడ్డ చోటునుంచి తిన్నగా పరిగెత్తించే డ్రాగ్ రేసు కారు అది.

ఇన్నాళ్ళు వాడాక తేలిందేమిటంటే, చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో ఇది బాగా చెబుతుంది. ఎందుకు వస్తోందో చెప్పదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అసలు చప్పుడే చెయ్యని జబ్బు దీనికి అందదు.

ముందు మంచి సంగతులు. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, టకటక వినిపిస్తే మొదట తేల్చుకోవాల్సింది అది పైభాగంలోదా, కిందిభాగంలోదా అని. పైన వాల్వుల్ని తెరిపించే క్యామ్‌షాఫ్ట్, కింద పిస్టన్లు తిప్పే క్రాంక్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. అందుకని వాల్వుల్ని కదిపే ట్యాపెట్లు, రాకర్ల చప్పుడు కాస్త తీరిగ్గా వస్తుంది, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్ చప్పుడు దానికి రెట్టింపు వేగంతో వస్తుంది. వట్టి చెవితో ఈ తేడా పట్టుకోవడం కష్టం. నేను టైమింగ్ లైట్ (ప్లగ్ నిప్పురవ్వ వేసినప్పుడల్లా వెలిగే దీపం) క్లిప్పు ఒకటో నంబరు ప్లగ్ వైరుకి పెట్టి, స్టెతస్కోప్ చెవిలో పెట్టుకుని వింటాను. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే లైటు ఒకసారి వెలుగుతుంది. వెలుగుకి ఒక దెబ్బ వినపడితే పైభాగం, రెండు వినపడితే కిందిభాగం. ఈ జోడీ ఒక్కటే దీని ఖరీదుని ఎన్నోసార్లు రాబట్టింది.

కిందిభాగం అని తేలినా, రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోట ఉండే రాడ్ బేరింగేనని ఖాయం చేసుకోకూడదు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న డ్రాగ్ కార్లలో అందర్నీ తికమకపెట్టేది ఫ్లెక్స్‌ప్లేట్, అంటే క్రాంక్‌ని గేర్‌బాక్సుకి కలిపే పల్చటి పళ్ళెం. స్టార్టింగ్ లైన్ దగ్గర పడే కుదుపులకి అది క్రాంక్ బోల్టుల చుట్టూ చీలుతుంది. అప్పుడొచ్చే చప్పుడు అచ్చం రాడ్ కొట్టుకుంటున్నట్టే ఉంటుంది. నా కారుకి అలా వచ్చినప్పుడు పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లు బాగుచేసుకునే చోట) విన్నవాళ్ళంతా ఇంజిన్ దించాల్సిందే అన్నారు. కడ్డీని ఇంజిన్ అడుగున ఆయిలుండే ప్యాన్ పక్కన పెడితే చప్పుడు మందంగా, ఫ్లెక్స్‌ప్లేట్‌ని కప్పే బెల్‌హౌసింగ్ మీద పెడితే చెవులు అదిరేలా ఉంది. గేర్‌బాక్సు దించి చూస్తే ప్లేట్ మధ్యలో చీలిక కనపడింది. రేసు భాగాల భద్రతా ప్రమాణం ఎస్‌ఎఫ్‌ఐ 29.1 గుర్తున్న ప్లేట్ వేశాక ఆ చప్పుడు మళ్ళీ రాలేదు.

ఎగ్జాస్ట్ లీకు ఇంకో మాయదారిది. హెడర్ (ఇంజిన్‌నుంచి పొగని బయటికి తెచ్చే గొట్టాలు) గాస్కెట్ దగ్గర గాలి చిమ్మితే ట్యాపెట్ చప్పుడనే అనుకుంటాం. ఇంజిన్ వేడెక్కి లోహం వ్యాకోచించాక తగ్గిపోతుంది కూడా. దీనికి కడ్డీ పీకేసి, వట్టి రబ్బరు గొట్టం కొసని ఒక్కో పోర్టు దగ్గర తిప్పాలి. లీకున్న చోట చెవిలో ఊదినట్టే ఉంటుంది. లీక్‌డౌన్ టెస్టులో (సిలిండర్‌లోకి గాలి పంపి ఎక్కడ కారుతోందో చూసే పరీక్షలో) కూడా ఇదే గొట్టం పనికొస్తుంది: కార్బురేటర్‌లో బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వ్, హెడర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే మూతి దగ్గర అయితే రింగులు. రేడియేటర్‌లో బుడగలొస్తే మాత్రం వినాల్సిన పనే లేదు, కంటికే కనపడుతుంది.

ఇక దీని అసలు లోటు. డ్రాగ్ ఇంజిన్ పాడయ్యేది పూర్తి లోడ్ మీద, ఏడు వేల ఆర్‌పీఎం దగ్గర. మనం వినేది పిట్‌లో ఐడిల్ మీద. పరుగు పూర్తయ్యాక బ్రేకు వేస్తే ప్యాన్‌లో ఆయిలంతా ముందుకి పోతుంది, ఆయిల్ పీల్చే పికప్ గొట్టం గాలి పీలుస్తుంది, ఆ క్షణంలో బేరింగులు ఎండిపోతాయి. ఇవేవీ స్టెతస్కోప్‌కి వినపడవు. ఆయిల్ ప్రెషర్ గేజ్ చూడాలి, మంచి బాఫిల్స్ (ఆయిల్ అటూఇటూ పోకుండా ఆపే అడ్డురేకులు) ఉన్న ప్యాన్ వేసుకోవాలి.

ఒక ఎండాకాలం ఇలాగే జరిగింది. చెవికి అంతా బాగానే ఉంది. కానీ ప్లగ్ పింగాణీ మీద మిరియాల పొడిలాంటి చుక్కలు కనిపించాయి, అంటే డిటోనేషన్, సిలిండర్‌లో ఇంధనం సాఫీగా మండకుండా ఒక్కసారిగా పేలడం. ఆయిల్ ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పితే అయస్కాంతానికి అంటని బూడిదరంగు పొరలు, వాటిలో అక్కడక్కడా రాగి మెరుపు. రాడ్ బేరింగులో స్టీలు మీద రాగి పొర, దాని మీద పల్చటి మెత్తటి లోహం ఉంటాయి. రాగి కనపడిందంటే పై పొర అరిగిపోయినట్టే. ప్యాన్ విప్పితే బేరింగుల పైవైపు సగాలే (షెల్స్) దెబ్బతిని ఉన్నాయి, డిటోనేషన్ సుత్తిదెబ్బలు పడేది వాటి మీదే. జర్నల్స్‌ని (క్రాంక్ మీద బేరింగులు పట్టే చోట్లని) పది థౌ, అంటే అంగుళంలో పది వెయ్యో వంతులు, గ్రైండ్ చేయించి, దానికి సరిపోయే అండర్‌సైజ్ బేరింగులు వేస్తే సరిపోయింది. చప్పుడు కోసం ఎదురుచూసి ఉంటే రాడ్ బ్లాకుని చీల్చుకుని బయటికొచ్చేది. పక్క పిట్‌లో ఒకాయన ఇంజిన్‌కి జరిగింది అదే.

డ్రాగ్ రేసుల్లో అన్నిటికన్నా వేగమైన తరగతి టాప్ ఫ్యూయెల్; ఆ టీములకి ఈ తంటా లేదు. ప్రతి పరుగు తర్వాత ఇంజిన్ విప్పి బేరింగులు కళ్ళతోనే చూసుకుంటారు. మన జేబులకి అది కుదరదు.

వస్తువు నాణ్యత సంగతి: రబ్బరు గొట్టం హెడర్ వేడికి గట్టిపడి పగులుతుంది, ఏటా మార్చుకోవాల్సిందే. చెవి తొడుగులు మాత్రం నాకు ఇంకా మొదటివే ఉన్నాయి. హెడ్‌ఫోన్లతో వచ్చే ఎలక్ట్రానిక్ రకం కూడా వాడి చూశాను. ఇంట్లో గరాజ్‌లో భేషుగ్గా ఉంది, ట్రాక్ దగ్గర పక్క కార్ల హోరు కూడా కలిపి చెవిలో పోస్తుంది. దాన్ని అమ్మేశాను. వాడేటప్పుడు కడ్డీ ఫ్యానుకీ బెల్టుకీ తగలకుండా చూసుకోవాలి. ఒకరు వింటుంటే ఇంకొకరు థ్రాటిల్ నొక్కకూడదు, చెవులు గింగురుమంటాయి.

అయిదుకి నాలుగిస్తాను. కొనేవాళ్ళు దీనితోపాటు ఫిల్టర్ కట్టర్ కూడా కొనుక్కోండి. ఒక్కదానికే డబ్బులుంటే కట్టరే ముందు కొనండి, స్టెతస్కోప్ వచ్చేదాకా స్క్రూడ్రైవర్‌తో నడిపించొచ్చు.