ఎండల్లో గ్రౌండ్‌కి ఏది మేలు: ట్యాంకరా, ఎండిన గరికా, ప్లాస్టిక్ గడ్డా?

మార్చి దాటితే అనంతపురంలో మా గ్రౌండ్ దగ్గర ఏటా ఒకటే గొడవ. వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళకి గడ్డి పచ్చగా కనపడాలి, క్రికెట్ ఆడే పిల్లలకి దుమ్ము లేవకూడదు, పక్క వీధి వాళ్ళకి బిందెలు నిండాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే చోట ఇవన్నీ ఒకేసారి ఎక్కడ కుదురుతాయి?

ట్యాంకర్ లెక్క చూడండి. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు తడి అంటే ఒక లీటరు. పెద్ద ఫుట్‌బాల్ గ్రౌండ్ 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. ఐదు మిల్లీమీటర్ల తడి ఒక్కసారి ఇవ్వాలన్నా 35,700 లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడుకి పైనే. ఆ తడి ఏప్రిల్ ఎండకి రెండు రోజులు కూడా ఆగదు. అదే క్రికెట్ పిచ్ ఒక్కటే తడిపితే 300 లీటర్లు, డ్రమ్మున్నర! ఈ లెక్క వేశాక గ్రౌండ్ మొత్తానికి ట్యాంకర్లు అడగడానికి నాకు నోరు రాలేదు.

2016లో ఈ వాదనే కోర్టుకెక్కింది. మహారాష్ట్రలో కరువొచ్చి, అక్కడి లాతూర్‌కి రైల్లో తాగునీళ్ళు తోలుతున్న రోజులవి. ఏప్రిల్ నెలాఖరు తర్వాత ఐపీఎల్ మ్యాచ్‌లు మహారాష్ట్ర బయట పెట్టుకోమంది బాంబే హైకోర్టు. ముంబై, పుణె జట్ల మ్యాచ్‌లు కొన్ని విశాఖకి వచ్చింది అందుకే. వాళ్ళకి విశాఖ ఉంది, మా పిల్లలు ఎక్కడికి పోతారు?

ఇక ఎండనివ్వడం. మన గ్రౌండ్లలో ఎక్కువగా ఉండేది గరికే. నర్సరీవాళ్ళు బెర్ముడా అనేదీ ఆ జాతే. నీళ్ళు అందకపోతే ఆకు ఎండగట్టి, ప్రాణం నేలలోని కాడల్లో దాచుకుంటుంది. అనుమానమొస్తే ఒక కాడ పీకి విరిచి చూడండి. లోపల తెల్లగా ఉంటే బతికున్నట్టే. పుల్లలా పెళుక్కున విరిగి, లోపల కూడా గోధుమరంగే ఉంటే పోయినట్టు. గరికని చంపేది ఎండకన్నా ఎక్కువగా తొక్కుడే. గోల్ పోస్టుల ముందు, బౌలర్లు పరిగెత్తే చోట ముందు బట్టతల పడుతుంది. అందుకే పోస్టులు పదిహేను రోజులకోసారి జరపాలి, గడ్డి పొట్టిగా కోయకూడదు, యూరియా జోలికి అసలు పోకూడదు. ఉన్న కాసిని నీళ్ళు పిచ్‌కీ గోల్ ముందుకీ, అదీ రోజూ చిలకరించకుండా వారం పదిరోజులకోసారి తెల్లవారుజామున లోతుగా ఇంకేలా పెట్టాలి. నష్టం లేదనను. నేల బండలా గట్టిపడుతుంది, డైవ్ కొట్టినవాడి మోకాలు చెక్కుకుపోతుంది.

మురుగు శుద్ధి ప్లాంటు దగ్గర్లో ఉన్న కాలనీలు అదృష్టవంతులు. 2024లో బెంగళూరు నీటి ఎద్దడిలో చిన్నస్వామి స్టేడియానికి ఇలా శుద్ధి చేసిన నీళ్ళే ఇచ్చారు. మంచినీళ్ళతో పోటీ ఉండదు కాబట్టి నా ఓటు మొదట దీనికే. వాసనొస్తే మాత్రం వెనక్కి పంపండి, పిల్లలు ఆడి వెళ్ళాక రాత్రిపూట పెట్టండి. ఉప్పు పేరుకుంటుంది గానీ చాలా గడ్డికన్నా గరిక ఉప్పుని బాగానే ఓర్చుకుంటుంది.

ప్లాస్టిక్ గడ్డికి నీళ్ళక్కర్లేదని అమ్మేవాళ్ళు చెబుతారు. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా దాని మీద నిలబడమనండి. మండుటెండలో 60 డిగ్రీలు దాటుతుంది, చల్లార్చడానికి మళ్ళీ పైపే పట్టుకోవాలి. రాత్రి లైట్ల కింద ఆడే, చుట్టూ వల కట్టిన చిన్న బాక్స్ క్రికెట్ స్థలానికి సరే, ఊరందరి గ్రౌండ్‌కి వద్దు.

మాకు దగ్గర్లో ప్లాంటు లేదు. అందుకని ఈసారి గ్రౌండ్ ఎండనిచ్చి, పిచ్‌కి డ్రమ్మున్నర, రెండు గోల్స్ ముందుకి నాలుగేసి డ్రమ్ములు అనుకున్నాం. వాకింగ్ వాళ్ళు నాలుగు రోజులు సణిగి ఊరుకున్నారు. దుమ్ముకి మాత్రం మందు దొరకలేదు. సాయంత్రం పిల్లలు ఓవర్‌కోసారి కళ్ళు తుడుచుకుంటూ ఆడుతున్నారు.