శివారు మడికి నీళ్లెలా వస్తాయి? బాలిలో నాన్నతో ఒక పూట

దాళ్వా (రెండో పంట వరి) నాట్లు అయ్యేదాకా ఎక్కడికీ కదలనని నాన్న ముందే చెప్పేశారు. అందుకని మా బాలి ప్రయాణం జనవరి నెలాఖరుకి పడింది. అక్కడది వానాకాలమని తెలిసే వెళ్లాం. గదుల రేట్లు కాస్త తక్కువుంటాయి, పొలాలు పచ్చగా ఉంటాయి అనుకున్నాం. రెండూ నిజమే. జలపాతం దగ్గర మాత్రం లెక్క తప్పింది.

వెళ్లింది ముగ్గురం: నేను, మా ఆయన, తణుకు పక్కన పల్లెలో ఇప్పటికీ ఆరెకరాలు దగ్గరుండి చేయించుకుంటున్న నాన్న. ఆయనకి 67 ఏళ్లు, కుడి మోకాలు నొప్పి. బెంగళూరు నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఉండటంతో ఆయన్ని ఒప్పించడం తేలికైంది. దిగగానే వీసా ఆన్ అరైవల్‌కి మనిషికి 5 లక్షల రుపయా, 2024 ఫిబ్రవరి నుంచి వసూలు చేస్తున్న టూరిస్టు పన్ను ఇంకో లక్షన్నర. లక్ష రుపయా అంటే మన 500 రూపాయల పైచిలుకే. ఆ సంగతి తెలిసినా, సున్నాలు చూసి నాన్న మొదటి రోజంతా పర్సు పట్టుకునే ఉన్నారు.

మొదటి మూడు రాత్రులు సముద్రం వైపు హోటల్లో ఉన్నాం. స్విమ్మింగ్ పూల్ బాగుంది, బఫే టిఫిను బాగుంది. గేటు దాటితే మాత్రం ట్రాఫిక్. రెండో రోజు అక్కడి ట్రావెల్ డెస్కు వాళ్లు మాట్లాడిన కారు 50 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. క్షమించమన్న మాట కూడా లేదు. అదే డెస్కు సముద్రానికి దూరంగా లోపలున్న ఉబుద్ ఊరి వైపు పొలాలు, జలపాతం చూపించే అర్ధరోజు టూరుకి 9 లక్షల రుపయా చెప్పింది. వద్దనుకుని, ఉబుద్‌కి మారాక చూద్దామన్నాం.

ఉబుద్‌లో దిగింది ఓ కుటుంబం నడిపే హోమ్‌స్టేలో. ప్రహరీ లోపల నాలుగైదు విడివిడి ఇళ్లు, మధ్యలో వాకిలి, ఓ మూల వాళ్ల ఇంటి గుడి. నాన్న సామాను కూడా దించకుండా సూర్యుడున్న వైపు చూసి, "ఈశాన్యంలోనే కట్టారమ్మా" అన్నారు. నిజమే. వాళ్ల పద్ధతిలో కొండ వైపు, తూర్పు వైపు పవిత్రం. కొండంటే ఆగుంగ్ పర్వతం. దక్షిణ బాలిలో ఆ రెండూ కలిసేది ఈశాన్యం మూలే. పొద్దున్నే ఆ ఇంటావిడ కొబ్బరాకు దొప్పల్లో పూలు, నాలుగు అన్నం మెతుకులు, అగరొత్తి పెట్టి గుమ్మం ముందు, మెట్ల మీద, చివరికి స్కూటర్ మీద కూడా పెట్టేది. లోపాలూ ఉన్నాయి. వేడినీళ్లు ఒకరి స్నానానికే సరిపోయేవి, కోళ్లు తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెట్టేవి. నాన్నకి రెండోది లోపంలా అనిపించలేదు.

ఇక్కడే ఇంకో మాట. ఉగాది సెలవులకి బాలి అనుకునేవాళ్లు న్యెపి ఎప్పుడో చూసుకుని టికెట్లు కొనండి. అది వాళ్ల శక సంవత్సరాది. మనం పంచాంగంలో శాలివాహన శకం అంటామే, అదే లెక్క. 2025లో న్యెపి మార్చి 29న వచ్చింది, మన ఉగాది మార్చి 30న. ఆ రోజు 24 గంటలూ ఎయిర్‌పోర్టు మూసేస్తారు, టూరిస్టులు కూడా గుమ్మం దాటకూడదు.

సరే, టూరు. హోమ్‌స్టే ఆవిడే కారు, గైడు కలిపి 5 లక్షల 50 వేలకి మాట్లాడిపెట్టింది. పెట్రోలు, పార్కింగు అందులోనే, టికెట్లు మనవి. మన డబ్బులో మూడు వేల లోపు. పొద్దున ఆరున్నరకి బయల్దేరడం, ఒంటిగంటకి తిరిగి రావడం. గైడు ఆరు ఇరవైకే వాకిట్లో నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి, రైతు కొడుకు, తానే కారు నడుపుతాడు. బాలిలో ఎక్కువమంది పిల్లలకి పుట్టిన వరసని బట్టి నాలుగే పేర్లు: వయాన్, మదే, న్యోమన్, కెతుత్. అయిదోవాడు పుడితే మళ్లీ వయాన్. "నేను మూడోవాణ్ని, కనిపెట్టండి" అంటూ కారు తీశాడు.

తెగల్లలంగ్ ఉబుద్‌కి ఉత్తరాన పది కిలోమీటర్లు. ఏడు లోపే చేరాం, అదే మేం చేసిన తెలివైన పని. లోయకి ఇటువైపు రోడ్డు, కేఫులు. అటువైపు కొండ వాలంతా మెట్లు మెట్లుగా మడులు. కొన్ని మడులు మన పడకగది అంత కూడా లేవు. మధ్యలో కొబ్బరి చెట్లు, వాటికి కట్టిన ఉయ్యాలలు. పొడుగాటి గౌను అద్దెకి తీసుకుని లోయ మీదుగా ఊగుతూ ఫొటో దిగడం ఇక్కడి పెద్ద వ్యాపారం. మేం ఎక్కలేదు. తొమ్మిదింటికి తిరిగొచ్చేసరికి ఆ ఉయ్యాలల దగ్గర తిరుపతి క్యూలా ఉంది. ఫొటో కోసమే వచ్చేవాళ్లకి అది దండగని నేననను. కానీ ఆ క్యూలో గంట నిలబడితే మడుల్లోకి దిగే టైముండదు.

మడుల్లోకి దిగడమే అసలు సంగతి. గట్లు జానెడు వెడల్పు, రాత్రి వానకి జారుతున్నాయి. నేను, మా ఆయన చేతులు పట్టుకుని పీతల్లా నడుస్తుంటే, మోకాలు నొప్పాయన చెప్పులు చేతిలో పట్టుకుని ముందు పోతున్నారు. ఓ చోట వంగి దుబ్బు చేత్తో పట్టుకుని పిలకలు లెక్కపెట్టారు. "నాటి నెలన్నర అయ్యుంటుంది" అన్నారు. నేను ఇంగ్లీషులో చెబితే గైడు మొహం వెలిగిపోయింది. అక్కణ్నుంచి మా టూరు వేరే టూరైపోయింది.

మొదట మాటలు కలిశాయి. ఇంగ్లీషులో అన్నిటికీ రైస్ ఒక్కటే కదా. ఇండోనేషియా భాషలో పైరు పాడి, గింజ గబాహ్, దంచితే బెరాస్, వండితే నాసి. నాన్న వేళ్లు మడుస్తూ వరి, వడ్లు, బియ్యం, అన్నం అన్నారు. ఇద్దరూ నాలుగుకి నాలుగు సరిపోయాయని నవ్వుకున్నారు. నాసి గోరెంగ్ అంటే వేపుడన్నం అని అప్పటిదాకా నాకే తట్టలేదు.

తర్వాత నాన్న అడగమన్న ప్రశ్న: "శివారు మడికి నీళ్లెలా వస్తాయో అడుగమ్మా."

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ ప్రశ్న కొత్త కాదు. దాళ్వాలో నీళ్లు తగ్గితే వంతులవారీ పెడతారు, తూములు తిప్పేది లస్కరు. పైవాడు తడుపుకుని వదిలాకే కిందికి. కాలవ చివరి పొలాల వాళ్లు, అంటే శివారు వాళ్లు, రాత్రిళ్లు టార్చిలైటుతో కాపలా కాస్తారు. 1997లో చట్టం తెచ్చి నీటి సంఘాలు పెట్టినప్పుడు నాన్న ఓ దఫా మెంబరుగా చేశారు. ఆ తగాదాలు వింటూనే నేను పెరిగాను.

గైడు మమ్మల్ని ఇంకో పది నిమిషాలు పైకి నడిపించి ఓ పిల్లకాలవ దగ్గర ఆపాడు. కాలవకి అడ్డంగా ఓ దుంగ, దాంట్లో వేర్వేరు వెడల్పుల్లో గాడులు. వాళ్లు తెంబుకు అంటారు. గాడి వెడల్పు ఎంతో ఆ వైపు పొలాలకి అంత వాటా. కాలవలో నీరు పెరిగినా తరిగినా వాటా మారదు. దాన్ని తిప్పే చక్రం లేదు, తాళం లేదు. ఒక నీటి వనరు కింద తడిసే పొలాల రైతులంతా కలిస్తే ఒక సుబాక్. ఊరి సరిహద్దుతో పని లేదు, ఏ నీరు అన్నదే లెక్క. దాని పెద్ద పెకాసెహ్, రైతులే ఎన్నుకుంటారు. ఎవరెప్పుడు నాటాలో, ఎప్పుడు బీడు వదలాలో నీటి గుళ్ల దగ్గర కూర్చుని తేల్చుకుంటారు. వెయ్యేళ్లకి పైగా నడుస్తున్న పద్ధతి.

"సరే, కానీ పైవాడు ఎందుకు ఒప్పుకుంటాడు? నీళ్లు వాడి దగ్గరే కదా ముందుంటాయి" అన్నారు నాన్న. దానికి గైడు చెప్పిన జవాబు పురుగు. అందరూ ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, ఒకేసారి బీడు వదిలితే పురుగుకి తిండి ఉండదు. కిందివాడికి నీళ్లివ్వకపోతే వాడు వేరే టైములో నాటుతాడు. అప్పుడు పురుగు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి ఏడాదంతా తిరుగుతుంది. 1970ల్లో ప్రభుత్వం కొత్త వంగడాలిచ్చి, ఆగకుండా పంట మీద పంట వేయమంటే ఈ వరసే దెబ్బతింది. సుడిదోమ విరగబడింది. ఆ రాత్రి గదిలో దీని గురించి వెతికితే స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త పని దొరికింది. నీటి గుళ్లు చేస్తున్నది ఇదేనని ఆయన లెక్కలతో చూపించాడు. నాన్న మాత్రం అక్కడికక్కడే ఒక్క మాటలో తేల్చేశారు: "దోమపోటుకి సర్వే నంబర్లు తెలీవు కదమ్మా."

సుబాక్‌కి 2012లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. అందరూ తెగల్లలంగే ఆ చోటనుకుంటారు గానీ ఆ జాబితాలో ఇది లేదు. అందులో ఉన్న పెద్ద పొలాలు తబనన్ వైపు జతిలువిహ్‌వి. ఉబుద్ నుంచి గంటన్నర పైనే ప్రయాణం, అర్ధరోజులో జలపాతంతో కలిపి కుదరదు. పొలాల కోసమే వెళ్లేవాళ్లు ఆ రోజంతా జతిలువిహ్‌కే ఇవ్వండి. జలపాతం మానేసి మేమూ అక్కడికే పోయుంటే బాగుండేదని నా అభిప్రాయం.

తిరిగొచ్చేటప్పుడు నాకు చిరాకేసింది. రోడ్డు మీద టికెట్టు కొన్నాం. మళ్లీ గట్ల మీద రెండు చోట్ల వెదురు కర్ర అడ్డం పెట్టి, డబ్బా చూపించి చందా అడిగారు. రెండో చోట ఓ ముసలాయన. "మళ్లీనా" అన్నాను తెలుగులో. నాన్న జేబులోంచి పదివేల నోటు తీసి డబ్బాలో వేశారు. "మనం తొక్కుతున్నది ఆయన గట్టేనే. మన చేలో రోజుకి రెండొందలమంది ఇలా తిరిగితే నేనూరుకుంటానా?" అన్నారు. నేనిక మాట్లాడలేదు. మీరు వెళ్తే అయిదువేలు, పదివేల చిల్లర దగ్గర పెట్టుకోండి.

మధ్యలో కాఫీ తోట. ప్యాకేజీలో ఉంటుంది, వద్దంటే ఆపరు, ముందే చెప్పాలి. మేం చెప్పలేదు. పది రకాల టీలు, కాఫీలు చిన్న గ్లాసుల్లో ఉచితం. లువాక్ కాఫీ ఒక్కదానికే డబ్బు. పునుగుపిల్లి కాఫీ పళ్లు తిని విసర్జించిన గింజలవి. నాన్నకి పునుగుపిల్లి అనగానే తిరుమల స్వామి అభిషేకంలో వాడే పునుగు తైలం గుర్తొచ్చి దణ్ణం పెట్టబోయారు. ఆ జాతి వేరు, ఈ జాతి వేరు. ఇక్కడ ఓ జంతువు బోనులో అటూ ఇటూ ఒకటే తిరుగుతోంది. అది చూశాక కాఫీ తాగాలనిపించలేదు. గైడు మొహమాటపెట్టలేదు, అది అతని గొప్పతనం.

తెగెనుంగన్ జలపాతం ఉబుద్‌కి దక్షిణాన, కెమెనూహ్ ఊళ్లో. గైడు మీద నా ఫిర్యాదు ఇక్కడే. మెట్లెన్నని ముందు రోజే అడిగితే "కొంచెం" అన్నాడు. నూటయాభైకి పైనే ఉన్నాయి, మధ్యలో నా లెక్క తప్పింది. నాన్న పైనే కూర్చున్నారు, మా ఆయన ఆయనకి తోడు. నేనొక్కదాన్నే దిగాను. జలపాతం మొత్తం పై నుంచే కనిపిస్తుంది కాబట్టి నాన్న నష్టపోయిందేమీ లేదు. ఎత్తు పదిహేను మీటర్లే. తలకోన చూసినవాళ్లకి ఇది పిల్లకాయ. కానీ నీటి ధార జోరెక్కువ, తుంపర చాలా దూరం కొడుతుంది. వానాకాలం కాబట్టి నీళ్లు అచ్చం టీ రంగు. స్నానానికి దిగొద్దని తాడు కట్టారు. చుట్టూ కేఫులు, గూళ్లలా అల్లిన ఫొటో స్టాండ్లు, జనం. ఎండాకాలంలో పొద్దున ఎనిమిదింటికి వస్తే వేరేలా ఉంటుందేమో. మేం వెళ్లింది పదకొండింటికి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అయితే దీన్ని వదిలేయొచ్చు.

పైకి ఎక్కొచ్చేసరికి ఇద్దరూ కొబ్బరి బొండాలు తాగుతూ కథ వింటున్నారు. ఈ నది పేరు పెతాను. మాయదెనావ అనే దుష్టరాజుని ఇంద్రుడు చంపితే వాడి నెత్తురు ఈ నదిలో కలిసిందట. ఈ నీటితో వరి పండిస్తే త్వరగా ఎదుగుతుంది గానీ కోసినప్పుడు నెత్తురు కారుతుందని శాపం. అందుకే తరతరాలు దీని నీరు పొలాలకి పెట్టలేదంటారు. ఇంద్రుడు తన సైన్యాన్ని బతికించుకోవడానికి పుట్టించిన ఊటే తీర్త ఎంపుల్ గుడి. తీర్త అంటే తీర్థమే. "ఇంత నీరుండి పొలానికి పెట్టకపోవడమా!" అని నాన్న నది వైపు చాలాసేపు చూశారు.

ఒంటిగంటకి హోమ్‌స్టేలో ఉన్నాం. టిప్పుగా లక్ష ఇచ్చాం, మొహమాటపడి తీసుకున్నాడు. మధ్యాహ్నం వేడి నాసి, టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముక్కలు), మనకి బాగా నచ్చే సంబల్ అనే మిరప పచ్చడి. నాన్నకి పెరుగు దొరకలేదు, ఆ ఒక్క వెలితి ఆరు రోజులూ ఉంది.

భోజనమయ్యాక ఆయన తన ఫోను నాకిచ్చి, ఫొటో ఒకటి పంపించమన్నారు. ఉయ్యాలలు కాదు, జలపాతం కాదు. గాడులున్న దుంగ. దాన్ని ఊళ్లో నీటి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్కడ అప్పటికి పదకొండున్నర అయ్యుంటుంది. అయిదు నిమిషాల్లో ఎవరో జవాబిచ్చారు: "తూము బానే ఉందండి, లస్కరు ఏడీ?"