అప్లికేషన్ ఐడీ ఒక్కటే మార్చి నేమ్‌స్పేస్ జోలికి వెళ్లకపోతే: చాలాకాలం వాడాక సమీక్ష

ఫ్లట్టర్ (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఓఎస్ యాప్‌లు చేసే టూల్‌కిట్) ప్రాజెక్టులో ప్యాకేజీ పేరు, అంటే కామ్.ఎగ్జాంపుల్.మై_యాప్ లాంటి యాప్ గుర్తింపు పేరు, మార్చాలనగానే చాలామంది చేసే పని ప్రాజెక్టు మొత్తం మీద ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టడం. లేదంటే పేరు మార్చే టూల్ ఒకటి పబ్‌స్పెక్‌లో (ప్రాజెక్టు పేరు, లైబ్రరీల జాబితా ఉండే ఫైలు) చేర్చుకుని, టెర్మినల్‌లో ఒక కమాండ్ ఇచ్చి, అది ఏయే ఫైళ్లను ముట్టుకుందో చూడకుండానే కమిట్ చేసేయడం. రెండూ ఏళ్ల తరబడి వాడిన పద్ధతులే. ఆండ్రాయిడ్ వైపు ఒకే ఒక్క వరుస మార్చి మిగతాది కదపకుండా వదిలేసే పద్ధతికి వచ్చాక మాత్రం వాటి వైపు మళ్లీ చూడబుద్ధి కాలేదు.

ఆ వరుస యాప్ మాడ్యూల్ గ్రేడిల్ ఫైల్లో (ఆండ్రాయిడ్ బిల్డ్ సెట్టింగులు రాసే చోటు), డిఫాల్ట్ కాన్ఫిగ్ బ్లాక్‌లో ఉండే అప్లికేషన్ ఐడీ. ఫోనూ ప్లే స్టోరూ యాప్‌ను గుర్తుపట్టేది దీంతోనే. దానికి కాస్త పైన, ఆండ్రాయిడ్ బ్లాక్‌లో, నేమ్‌స్పేస్ అని మరొకటి ఉంటుంది. ప్రాజెక్టు పుట్టినప్పుడు రెండిట్లోనూ ఒకే పేరు ఉంటుంది కాబట్టి అవి కవలలని, ఒకటి మారితే రెండోదీ మారాలని అనుకుంటాం. అక్కర్లేదు. నేమ్‌స్పేస్‌కు బిల్డ్ సమయంలోనే పని: బిల్డ్ తనంతట తాను రాసే ఆర్ క్లాసు, బిల్డ్‌కాన్ఫిగ్ క్లాసు ఏ ప్యాకేజీలో తయారవ్వాలో చెప్పడం, మేనిఫెస్ట్‌లో (యాప్ భాగాలను ఆండ్రాయిడ్‌కు ప్రకటించే ఫైలు) చుక్కతో మొదలయ్యే మెయిన్‌యాక్టివిటీ లాంటి పొట్టి పేర్లను పూర్తి పేర్లుగా విప్పడం. బయటి ప్రపంచానికి దాంతో సంబంధం లేదు.

పాత ప్రాజెక్టుల్లో ఈ నేమ్‌స్పేస్ స్థానంలో మేనిఫెస్ట్‌లోని ప్యాకేజ్ అనే యాట్రిబ్యూట్ ఉండేది. అది మెయిన్, డీబగ్, ప్రొఫైల్ ఫోల్డర్లలోని మూడు మేనిఫెస్టుల్లోనూ ఉండేది, మూడూ గుర్తుపెట్టుకుని మార్చాల్సి వచ్చేది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 నుంచి నేమ్‌స్పేస్‌ను మేనిఫెస్ట్ ద్వారా ఇవ్వడం కుదరదు, గ్రేడిల్ ఫైల్లోనే రాయాలి. అప్పుడు ఈ మార్పును విసుక్కున్నవాళ్లు చాలామందే. ప్యాకేజీ పేరు మార్చాల్సి వచ్చినవాళ్లకు మాత్రం ఇది నిజమైన మేలు. రెండు పేర్లు ఒకే ఫైల్లో, ఒకదాని కింద ఒకటి, వేర్వేరు పేర్లతో కళ్లముందు ఉంటాయి.

ఇందులో వచ్చే సుఖం ఏమిటో తెలియాలంటే రెండూ మార్చినప్పుడు ఏమవుతుందో చూడాలి. నేమ్‌స్పేస్ మార్చి కోట్లిన్ (ఆండ్రాయిడ్ వైపు కోడ్ రాసే భాష) ఫైలు తెరవడం మరిచిపోతే బిల్డ్ శుభ్రంగా అవుతుంది, యాప్ ఇన్‌స్టాల్ కూడా అవుతుంది, తెరవగానే మాత్రం కూలిపోతుంది. మేనిఫెస్ట్‌లోని పొట్టి పేరు కొత్త నేమ్‌స్పేస్‌తో విప్పుకుంటుంది, మెయిన్‌యాక్టివిటీ ఫైలు మొదటి వరుసలో పాత ప్యాకేజీయే ఉంటుంది. ఆండ్రాయిడ్ లాగ్ అయిన లాగ్‌క్యాట్‌లో క్లాస్ నాట్ ఫౌండ్ ఎక్సెప్షన్ కనిపిస్తుంది. ఇక సొంత కోట్లిన్ కోడ్ ఉన్న ప్రాజెక్టైతే ఆర్ క్లాసును పాత పేరుతో ఇంపోర్ట్ చేసుకున్న ప్రతి ఫైలూ ఎర్రబారుతుంది. ప్రోగార్డ్ రూల్స్‌లో (రిలీజ్ బిల్డ్‌లో కోడ్ కుదించేటప్పుడు ఏ క్లాసులను ముట్టకూడదో చెప్పేవి) పాత ప్యాకేజీ పేరుతో రాసిన కీప్ వరుసలు ఇంకా మొండివి. అవి ఏ ఎర్రరూ ఇవ్వకుండా ఊరకే పనిచేయడం మానేస్తాయి, ఆ దెబ్బ రిలీజ్ బిల్డ్‌లోనే తెలుస్తుంది. డార్ట్ (ఫ్లట్టర్ భాష) కోడ్, కోట్లిన్ కోడ్ మాట్లాడుకునే మెథడ్ ఛానెల్ పేర్లలో చాలామంది ప్యాకేజీ పేరునే ముందు పెడతారు. ఆండ్రాయిడ్ ఫోల్డర్ వరకే తడిమే టూల్ ఆ పేరును కోట్లిన్ వైపు మార్చి డార్ట్ వైపు వదిలేస్తే మిస్సింగ్ ప్లగిన్ ఎక్సెప్షన్ వస్తుంది. నిజానికి ఛానెల్ పేరు ఒక ఉత్త స్ట్రింగ్. దానికి ప్యాకేజీతో పనే లేదు, రెండు వైపులా ఒకేలా ఉంటే చాలు.

అప్లికేషన్ ఐడీ ఒక్కటే మారిస్తే వీటిలో ఏదీ జరగదు. ఒక్క ఫోల్డర్ కదలదు, ఒక్క ఇంపోర్ట్ మారదు, గిట్ డిఫ్‌లో ఒక వరుస పోయి ఒక వరుస వస్తుంది. ఫ్లట్టర్ రన్ కమాండ్ కూడా తడబడదు. కమిట్ చూసేవాళ్లకు ఏం జరిగిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఇదేదో దొడ్డిదారి అని సందేహించనక్కర్లేదు. డీబగ్ బిల్డ్‌కు అప్లికేషన్ ఐడీ సఫిక్స్ తగిలించి రెండు వెర్షన్లను ఒకే ఫోన్‌లో పెట్టుకునే ప్రతివాళ్లూ, ఫ్లేవర్లు (ఒకే కోడ్ నుంచి తీసే వేర్వేరు యాప్ రూపాలు) వాడే ప్రతివాళ్లూ ఈ ఏర్పాటునే వాడుతున్నారు, తెలిసో తెలియకో.

అయితే మొదట్లో ఇచ్చినన్ని మార్కులు ఇప్పుడు ఇవ్వలేను. తగ్గించినది హోమ్ స్క్రీన్ విడ్జెట్. దీని గురించి వివరంగా చెప్పాల్సిందే, ఎందుకంటే ఇది బయటపడే తీరు చాలా మోసకారిది.

ఒక్క వరుస మార్పు అయ్యాక యాప్ తెరుచుకుంటుంది, అన్ని స్క్రీన్లూ పనిచేస్తాయి. విడ్జెట్ల జాబితాలో మన విడ్జెట్ కనిపిస్తుంది, లాగి హోమ్ స్క్రీన్ మీద పెడితే కుదురుగా కూర్చుంటుంది, మొదటిసారి సరైన డేటానే చూపిస్తుంది. ఆ తర్వాత యాప్‌లో ఏం మార్చినా అది కదలదు. విడ్జెట్‌ను అప్‌డేట్ చేసే ప్లగిన్ నుంచి వచ్చే ప్లాట్‌ఫామ్ ఎక్సెప్షన్‌ను డార్ట్ కోడ్‌లో ఎక్కడో ట్రై క్యాచ్ మింగేస్తుంటే లాగ్‌లో ఏ జాడా దొరకదు. పైగా విడ్జెట్ వివరాల ఎక్స్‌ఎంఎల్‌లో అప్‌డేట్ పీరియడ్ ఇచ్చి ఉంటే ఆండ్రాయిడ్ తనంతట తాను విడ్జెట్‌ను నిద్రలేపుతుంది. అది 30 నిమిషాల కంటే తరచుగా లేపదు, కానీ లేపినప్పుడు విడ్జెట్ తాజా డేటానే చదువుకుంటుంది. అంటే పరీక్షించేవాళ్లకు 'కాసేపటికి సర్దుకుంది' అనిపిస్తుంది. బగ్ రిపోర్ట్ వచ్చినా 'మళ్లీ రావట్లేదు' అని మూసేస్తారు.

కారణం ఇది. డార్ట్ నుంచి మనం విడ్జెట్ పొట్టి పేరు మాత్రమే పంపుతాం. ప్లగిన్ దాని ముందు కాంటెక్స్ట్ (యాప్ వివరాలు తెలిపే ఆండ్రాయిడ్ ఆబ్జెక్ట్) ఇచ్చే ప్యాకేజ్ నేమ్‌ను అతికించి పూర్తి క్లాసు పేరు తయారుచేసుకుంటుంది. యాప్ నడుస్తున్నప్పుడు ప్యాకేజ్ నేమ్ అంటే అప్లికేషన్ ఐడీ, నేమ్‌స్పేస్ కాదు. కాబట్టి ప్లగిన్ కొత్త పేరు కింద వెతుకుతుంది, క్లాసు పాత పేరు కింద ఉంటుంది. లాంచర్ మాత్రం మేనిఫెస్ట్‌లో బిల్డ్ సమయంలోనే విప్పి రాసిన పూర్తి పేరును చదువుతుంది, అందుకే దానికి ఏ ఇబ్బందీ లేదు. మందు సులభం: పొట్టి పేరు బదులు, ప్యాకేజీతో సహా పూర్తి క్లాసు పేరును డార్ట్ నుంచి పంపాలి. దానికి ప్లగిన్లలో సాధారణంగా వేరే పారామీటర్ ఉంటుంది. జబ్బు గుర్తుపట్టడమే కష్టం.

ప్యాకేజ్ నేమ్‌కు ఒక చుక్క, దాని పక్కన ఒక క్లాసు పేరు అతికించే కోడ్ ఎక్కడున్నా ఇదే కథ. అందుకే ఇప్పుడు వరుస మార్చే ముందే ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోనూ, పబ్ క్యాష్ (దించుకున్న ప్యాకేజీలు ఉండే ఫోల్డర్)లోని ప్లగిన్ల కోట్లిన్, జావా ఫైళ్లలోనూ ప్యాకేజ్‌నేమ్ అనే మాట వెతికి, దానికి స్ట్రింగ్ కలిపిన చోట్లన్నీ చూడమంటాను. ఫ్లట్టర్ లాంటిదే అయిన రియాక్ట్ నేటివ్ వైపు ఇదే జబ్బు బిల్డ్‌కాన్ఫిగ్ రూపంలో వస్తుంది. ఎన్విరాన్‌మెంట్ విలువలను బిల్డ్‌కాన్ఫిగ్ క్లాసు నుంచి రిఫ్లెక్షన్‌తో (యాప్ నడుస్తుండగా పేరును బట్టి క్లాసును వెతికి) చదివే లైబ్రరీ, అప్లికేషన్ ఐడీ కింద ఆ క్లాసు దొరక్క, విలువలన్నీ ఖాళీగా ఇస్తుంది. అక్కడ నేమ్‌స్పేస్ ఏమిటో ఒక స్ట్రింగ్ రిసోర్స్ ద్వారా లైబ్రరీకి చెప్పాలి.

ఐకాన్‌ను నొక్కి పట్టుకుంటే వచ్చే షార్ట్‌కట్ల ఎక్స్‌ఎంఎల్‌లో మరో చిన్న చిక్కు ఉంది. టార్గెట్ ప్యాకేజ్ దగ్గర అప్లికేషన్ ఐడీ రాయాలి, టార్గెట్ క్లాస్ దగ్గర పాత ప్యాకేజీతో కూడిన పూర్తి క్లాసు పేరు ఉండాలి. మేనిఫెస్ట్‌లో పనిచేసే అప్లికేషన్ ఐడీ ప్లేస్‌హోల్డర్ ఇక్కడ పనిచేయదు, ఇది రిసోర్స్ ఫైలు కాబట్టి. వేరే యాప్‌లకు ఫైళ్లు అందించే ఫైల్ ప్రొవైడర్ అథారిటీ (దాని ప్రత్యేక పేరు) మేనిఫెస్ట్‌లోనే ఉంటుంది కనుక దానికి ప్లేస్‌హోల్డర్ వాడుకోవచ్చు, వాడాలి కూడా. పాత పేరు అక్షరాలా రాసి ఉంటే, పాత యాప్ ఉన్న ఫోన్‌లో కొత్తది ఇన్‌స్టాల్ కాదు, కాన్‌ఫ్లిక్టింగ్ ప్రొవైడర్ అంటుంది.

పాత యాప్ అంటే గుర్తొచ్చింది. ఐడీ మారాక ఫోన్ దృష్టిలో ఇది వేరే యాప్. హోమ్ స్క్రీన్ మీద ఒకేలాంటి ఐకాన్లు రెండు ఉంటాయి, పాతదాన్ని నొక్కి 'మార్పులు రాలేదు' అనుకోవడం చాలా తేలిక. షేర్డ్ ప్రిఫరెన్సెస్, డేటాబేస్ పాతదాని దగ్గరే ఉండిపోతాయి. పాతదాన్ని తీసేసి చూడాలి. ఏపీకేలో నిజంగా ఏ ఐడీ చేరిందో అనుమానముంటే ఏపీకే అనలైజర్‌తో మేనిఫెస్ట్ అప్లికేషన్ ఐడీని అడిగితే ఒక్క వరుసలో చెబుతుంది.

ఐఓఎస్‌లో ఈ విడదీత మొదటి నుంచీ ఉంది. స్విఫ్ట్ కోడ్‌కు మాడ్యూల్ పేరు వేరు, బండిల్ ఐడెంటిఫైయర్ వేరు. మార్చాల్సింది ఎక్స్‌కోడ్ ప్రాజెక్ట్ ఫైల్లోని ప్రోడక్ట్ బండిల్ ఐడెంటిఫైయర్ మాత్రమే. కానీ అది ఒక్క చోట ఉండదు. ఇప్పటి ఫ్లట్టర్ ప్రాజెక్టులో రన్నర్‌కు (ఐఓఎస్ యాప్ టార్గెట్) డీబగ్, రిలీజ్, ప్రొఫైల్ కలిపి మూడు, రన్నర్ టెస్ట్స్‌కు మరో మూడు. ఇన్ఫో పీలిస్ట్‌ను ముట్టుకోవద్దు, అక్కడ వేరియబుల్ మాత్రమే ఉంటుంది, ఉండాలి. ప్రొఫైల్‌ను మరిచిపోవడం మామూలే, రోజూ వాడేది కాదు గనుక.

ఫైండ్ అండ్ రీప్లేస్ ఇక్కడ ఎందుకు దెబ్బతింటుందో కూడా చెప్పాలి. ప్రాజెక్టు పేరు మై_యాప్ అయితే ఆండ్రాయిడ్‌లో ఐడీ కామ్.ఎగ్జాంపుల్.మై_యాప్ అవుతుంది. ఆపిల్ బండిల్ ఐడీలో అండర్‌స్కోర్ చెల్లదు కాబట్టి ఫ్లట్టర్ అక్కడ అండర్‌స్కోర్ తీసేసి, ఆ తర్వాతి అక్షరాన్ని పెద్దది చేసి రాస్తుంది. ఒకదాన్ని వెతికితే రెండోది దొరకదు. ఆపిల్‌లో చెల్లే హైఫన్ ఆండ్రాయిడ్‌లో చెల్లదు. రెండు వైపులా ఒకే పేరు కావాలంటే రెండూ లేని పేరు ఎంచుకోవడమే మార్గం.

నోటిఫికేషన్ సర్వీస్ లాంటి ఎక్స్‌టెన్షన్ ఉంటే దాని ఐడీ ప్రధాన యాప్ ఐడీతోనే మొదలవ్వాలి, లేకపోతే బిల్డ్ ఆగిపోతుంది. యాప్ గ్రూప్ పేరు మారనక్కర్లేదు, అదే టీమ్ కింద ఉంటే కొత్త యాప్ ఐడీకి ఆ గ్రూప్‌ను జతచేస్తే చాలు. పుష్ పంపే సర్వర్‌లో టాపిక్ మాత్రం బండిల్ ఐడీయే, అక్కడ పాతది ఉండిపోతే ఏపీఎన్‌ఎస్ (ఆపిల్ పుష్ సర్వీసు) ఆ టోకెన్‌ను తిరస్కరిస్తుంది. సీఐలో (బిల్డ్‌ను ఆటోమేటిక్‌గా చేసే ఏర్పాటు) ఎక్స్‌పోర్ట్ ఆప్షన్స్ పీలిస్ట్ ఉంటే ప్రొవిజనింగ్ ప్రొఫైళ్లు అందులో బండిల్ ఐడీ పేరు మీదే రాసి ఉంటాయి.

గూగుల్ బ్యాకెండ్ సేవ ఫైర్‌బేస్‌లో ఆండ్రాయిడ్ మర్యాదగా ప్రవర్తిస్తుంది. గూగుల్ సర్వీసెస్ జేసన్‌లో కొత్త పేరు లేకపోతే బిల్డ్ అక్కడే ఆగి, ఈ ప్యాకేజీ పేరుకు సరిపడే క్లయింట్ లేదని చెబుతుంది. ఐఓఎస్ ఆపదు, బండిల్ ఐడీ పొసగడం లేదని లాగ్‌లో ఒక మాట రాసి ముందుకు పోతుంది. రెండిటికీ ఫ్లట్టర్‌ఫైర్ కన్ఫిగర్ కమాండ్ మళ్లీ నడపడం మేలు. గూగుల్ సైన్ ఇన్ కోసం కొత్త పేరు కింద సైనింగ్ కీ ఎస్‌హెచ్‌ఏ-1 ముద్రను మళ్లీ నమోదు చేయాలి, లేకపోతే ఆండ్రాయిడ్‌లో సైన్ ఇన్ విఫలమవుతుంది. ప్యాకేజీ పేరుతో కట్టేసిన మ్యాప్స్ కీకి కొత్త పేరు చేర్చకపోతే మ్యాప్ స్థానంలో ఖాళీ పలక వస్తుంది. డీప్ లింకులకు సైట్‌లోని అసెట్ లింక్స్ ఫైలు, ఆపిల్ అసోసియేషన్ ఫైలు రెండూ మారాలి. పేరు మార్చే టూల్ ఏదీ వీటిని చేసిపెట్టదు.

ఎవరికి నప్పుతుందంటే, సొంత నేటివ్ కోడ్ పెరిగిన ప్రాజెక్టు, ఇంకా స్టోర్‌కు ఎక్కనిది, లేదా ఒకే కోడ్ నుంచి పలు యాప్‌లు తీసేది అయితే నిస్సందేహంగా ఇదే పద్ధతి. స్టోర్‌కు ఎక్కేసిన యాప్‌కు ఏ పద్ధతీ లేదు, ప్లే స్టోర్‌లో కొత్త ఐడీ అంటే కొత్త యాప్. నిన్నగాక మొన్న సృష్టించిన ప్రాజెక్టైతే ఇంత ఆలోచన అనవసరం. ఆర్గ్ ఆప్షన్‌తో సరైన పేరు ఇచ్చి కొత్తగా సృష్టించుకుని లిబ్ ఫోల్డర్, పబ్‌స్పెక్ తెచ్చుకోవడమే తక్కువ పని. అన్నట్టు పబ్‌స్పెక్‌లోని పేరు డార్ట్ ఇంపోర్టులకు సంబంధించినది, అది మార్చినా అప్లికేషన్ ఐడీ మారదు.

యాప్‌ను వేరే సంస్థకు అప్పగిస్తున్నప్పుడు మాత్రం ఈ పద్ధతి వాడమని చెప్పలేను. నేమ్‌స్పేస్ అలాగే ఉంటే పాత పేరు క్లాసు పేర్లలో బతికే ఉంటుంది. మేనిఫెస్ట్‌లో ప్రస్తావించిన యాక్టివిటీ పేర్లను కోడ్ కుదించే ఆర్8 కూడా కుదించదు, ఏపీకే విప్పి చూసినవాళ్లకూ క్రాష్ రిపోర్ట్ చదివినవాళ్లకూ ఆ పేరు కనిపిస్తుంది. అక్కడ కోట్లిన్ ఫైళ్లు, ప్రోగార్డ్ రూల్స్‌తో సహా రెండు పేర్లూ మార్చాల్సిందే. అప్పుడు కూడా ముందు అప్లికేషన్ ఐడీ మార్చి, నడిపి చూసి, నేమ్‌స్పేస్‌ను రెండో కమిట్‌లో మారిస్తే ఏది దేనివల్ల చెడిందో వెతుక్కోనక్కర్లేదు.