చెరువు షెడ్డులో ఈల వేసే 12 వోల్టుల జాలీ డబ్బా: కొనొచ్చా?

భీమవరం నుంచి నరసాపురం దాకా రొయ్యల చెరువు గట్ల మీద ఏ షెడ్డులోకి తొంగిచూసినా సీసీ కెమెరాలకు కరెంటిచ్చే చిల్లుల రేకు డబ్బా ఒకటి మేకుకు వేలాడుతుంటుంది. పైన స్టిక్కరు మీద 12 వోల్టులు, 5 ఆంపియర్లు. కంపెనీ పేరుండదు, ఉన్నా మళ్లీ కొనేసరికి మారిపోతుంది. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, అడ్జస్ట్ స్క్రూ కూడా ఉంది. అయితే దీని మీద కొన్నవాళ్లు చెప్పేది ఒకటే: గోల. ఒకరిది సన్నగా ఈల వేస్తుంది, ఇంకొకరిది టిక్ టిక్‌మంటుంది, మరొకరిది జుమ్మంటుంది. ఈ మూడూ ఒకే జబ్బు కాదు. ఒకటైతే అసలు జబ్బే కాదు.

ముందు ఈల సంగతి. లోపల డబ్బాను నడిపే చిప్పు, అంటే ఐసీ, మామూలుగా సెకనుకు 65 వేల సార్లు ఆ చుట్టుపక్కల కరెంటును ఆన్, ఆఫ్ చేస్తుంది. మన చెవి 20 వేలు దాటితే వినదు. మరి ఈల ఎక్కడిది? లోడు తక్కువైతే ఐసీ ఆగి ఆగి పనిచేస్తుంది, నాలుగు పల్సులిచ్చి కాసేపు ఊరుకుంటుంది. ఆ గుంపుల లెక్క సెకనుకు కొన్ని వందలకో వేలకో దిగితే చెవికి అందుతుంది. వోల్టేజీ దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను చాపర్ అంటారు, దాని కోరు (తీగ చుట్ట మధ్యలో ఉండే ఫెర్రైట్ ముక్కల జత) వదులుగా ఉంటే దానికి గొంతు వస్తుంది. మూడు కెమెరాలున్న షెడ్డులో పగలంతా సన్నగా కీచుమని, చీకటి పడ్డాక కెమెరాల్లో చీకట్లో చూపునిచ్చే ఐఆర్ లైట్లు వెలగగానే ఠక్కున ఆగిపోతే ఇదే. లోడు పెరిగింది, ఐసీ కుదురుగా నడుస్తోంది. దీనికోసం డబ్బా మార్చక్కర్లేదు.

వినలేకపోతే రెండు దారులు. అవుట్‌పుట్ ప్లస్, మైనస్ మధ్య 220 ఓమ్‌లు, 2 వాట్ల రెసిస్టరు బిగిస్తే 55 మిల్లీ ఆంపియర్ల చిల్లర లోడు ఎప్పుడూ ఉంటుంది. ఒక్కోసారి ఈల పోతుంది, ఒక్కోసారి శ్రుతి మారి ఊరుకుంటుంది. రెండోది చాపర్‌ను బిగించడం. చెరువు నీళ్లకు గాలి ఎక్కించే ఏరియేటర్ మోటార్లు చుట్టే వైండింగ్ షాపులో గాలికి ఆరే ఇన్సులేషన్ వార్నిష్ దొరుకుతుంది. చుట్ట అంచుల్లో బ్రష్‌తో రెండు పూతలు వేసి, ఒక రోజు ఆరనిచ్చి, కోరు రెండు ముక్కలూ కలిసే చోట బయట మాత్రమే ఎపాక్సీ పెట్టాలి. ముక్కల మధ్య సందులోకి పోనివ్వకండి, ఆ గ్యాపు లెక్క ప్రకారం వదిలింది. హాట్ గ్లూ పనికిరాదు, చాపర్ వేడికి మెత్తబడి మళ్లీ మొదటికే వస్తుంది.

చాపర్ బిగించినా ఈల ఆగకపోతే, దాని పక్కన రెసిస్టరుకు జంటగా నిలబడ్డ 1 కిలోవోల్టు సిరామిక్ బిళ్ల కండెన్సర్‌ను అనుమానించండి. వోల్టేజీ మారినప్పుడల్లా సిరామిక్ పిసరంత సాగి ముడుచుకుంటుంది, బోర్డు దానికి డప్పులా పలుకుతుంది. అదే విలువ, అదే వోల్టేజీ ఉన్న ఫిల్మ్ కండెన్సర్ వేస్తే మాట్లాడదు. కూసేది ఏదో తేల్చుకోవాలంటే అడుగు పొడవు సన్న ప్లాస్టిక్ గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస పార్టు మీద. చేతులు మాత్రం దూరం: లోపల పెద్ద కండెన్సర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకినా వెంటనే పోదు. సోల్డరింగ్‌కు ముందు 60 వాట్ల బల్బు హోల్డరు వైర్లు దాని కాళ్లకు తాకించి, తర్వాత మీటరుతో చూసుకోండి.

టిక్ టిక్ వేరే కథ. సెకనుకు ఒకటో రెండో దెబ్బలు, అవుట్‌పుట్ 12కి పోబోయి మళ్లీ పడిపోవడం. అంటే ఐసీ లేవబోతోంది, కూలబడుతోంది. మొదట కెమెరాల వైర్లన్నీ ఊడదీయండి. టిక్‌టిక్ ఆగితే తప్పు డబ్బాది కాదు. ఉప్పుగాలికి డీసీ పిన్ను పచ్చగా చిలుం పట్టి, తడికి లోపలే షార్టయి ఉంటుంది. ఒక్కొక్కటే మళ్లీ తగిలించుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు.

వైర్లు తీసినా కొట్టుకుంటుంటే అవుట్‌పుట్‌లో కరెంటును ఒకవైపే పోనిచ్చే మూడు కాళ్ల షాట్కీ డయోడును మీటరు డయోడు రేంజిలో చూడాలి. ఒకవైపు 0.2 దగ్గర చూపి రెండోవైపు చూపకపోతే బాగున్నట్టు, రెండువైపులా బీప్ వస్తే పోయినట్టు. అది బాగుంటే ఐసీ పక్కనున్న చిన్న కండెన్సర్, సాధారణంగా 22 మైక్రోఫారడ్లు, 50 వోల్టులు. వేడి రెసిస్టరుకు ఆనుకుని పెట్టడం వల్ల ఎండిపోతుంది. 3842 జాతి ఐసీ 16 వోల్టుల దగ్గర లేస్తుంది, 10కి పడితే ఆగిపోతుంది. ఆ కాస్త సేపు దాన్ని నిలబెట్టాల్సింది ఈ కండెన్సరే. ఉబ్బి కనబడాలని లేదు, పైకి కొత్తదానిలాగే ఉంటుంది. 47 మైక్రోఫారడ్లు, 50 వోల్టులు, 105 డిగ్రీలది వేయండి. టిక్‌టిక్ కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి.

జుమ్మనే శబ్దం సెకనుకు 100 సార్లది, మెయిన్స్ 50కి రెట్టింపు. దీనికి మూలం డబ్బా కక్కుర్తి. స్టిక్కరు 60 వాట్లంటుంది, లోపల మెయిన్ ఫిల్టర్, అంటే ఆ పెద్ద కండెన్సర్, 33 మైక్రోఫారడ్లే. 230 వోల్టులకు వాటుకు ఒకటి చొప్పున 60 దాకా ఉండాలి. సాయంత్రం ఏరియేటర్లన్నీ ఒక్కసారి వేసి వోల్టేజీ పడ్డప్పుడు చాలదు, కెమెరా బొమ్మలో అడ్డగీతలు కూడా పాకుతాయి. మూత పట్టేంత ఎత్తులో 68 మైక్రోఫారడ్లు, 450 వోల్టులది దొరికితే వేసుకోవచ్చు.

లోడు పరీక్షకు బైకు ఇండికేటరు బల్బు చాలు. 12 వోల్టులు, 21 వాట్లది 1.75 ఆంపియర్లు తాగుతుంది. రెండు బల్బులకు, అంటే మూడున్నర ఆంపియర్లకు, ఈ డబ్బా 11.8 వోల్టుల దగ్గర నిలబడింది, అరగంటకు రేకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మూడోది పెట్టగానే టిక్ టిక్. బల్బులు ఒక్కొక్కటిగానే కలపండి. చల్లారిన ఫిలమెంటు మొదటి క్షణంలో పది రెట్లు లాగుతుంది, మంచి సప్లయి కూడా భయపడుతుంది. మొత్తానికి దీన్ని 3 ఆంపియర్ల సరుకుగా కొనండి. రాత్రి ఐఆర్‌తో కలిపి నాలుగు కెమెరాలకు సరిపోతుంది, ఎనిమిదికి ఆశపడొద్దు.

ఆ అడ్జస్ట్ స్క్రూ జోలికి ఊరికే పోకండి. వైరు పొడుగని 13.5కి తిప్పేస్తుంటారు. అవుట్‌పుట్ కండెన్సర్లు 16 వోల్టులవే, ఈ వేడిలో తొందరగా ఎండుతాయి. మార్చేటప్పుడు 25 వోల్టులవి వేస్తే సరి. ఎర్తు పాయింటు ఖాళీగా వదిలేస్తే రేకు చురుక్కుమంటుంది, ఎర్తు వైరు తప్పనిసరి. చిల్లుల్లోంచి చీమలు, బల్లులు దూరతాయి. బల్లి చేసే శబ్దం ఒక్కటే, అదీ ఒక్కసారే.

గట్టు చివర, ఉప్పుగాలి నేరుగా కొట్టే చోటికి ఇది వద్దు. లోపలంతా జిగురు పోసి మూసేసిన రెయిన్‌ప్రూఫ్ రకం తీసుకోండి. అందులో చాపర్ కదలడానికి చోటే ఉండదు కాబట్టి ఈల కూడా తక్కువే. పాడైతే మాత్రం విప్పడానికేమీ ఉండదు, పారేయడమే.