చేతి రక్తనాళాలకు డాప్లర్ స్కాన్, కర్నూలు ఎన్.ఆర్.పేట సెంటర్

మా నాయన బండల మేస్త్రి, ముప్పై ఏళ్లుగా బేతంచెర్ల బండలు పరుస్తా ఉన్నాడు. ఆర్నెల్లుగా కుడిచేతి చిటికెనవేలు, ఉంగరం వేలు సగం జోము పట్టేది, చల్లనీళ్లు తగిలితే తెల్లగా పాలిపోయేవి. వేరే ఒకచోట మెడలో నరం నొక్కుకుందని మెడకు ఎమ్మారై తీపిచ్చినారు, నాలుగు నెలలు బీ కాంప్లెక్స్ బిళ్లలు మింగినాడు, ఆయన చెయ్యి పట్టుకోని చూసినోళ్లు మాత్రం ఒక్కరు లేరు. ఆ బాధ నాకు ఇంకా పోలా.

ఈ సెంటర్లో డాక్టరమ్మ మిషన్ ముట్టకముందే "పెద్దాయనా, ఏం పని చేస్తావు" అని అడిగింది. బండ కూర్చోవాలంటే అరచేత్తో గుద్దుతానమ్మా అని నాయన చేసి చూపిచ్చినాడు. వెంటనే పిడికిలి బిగించమని, మణికట్టు కాడ రెండు రక్తనాళాలూ నొక్కిపట్టి, చెయ్యి తెరిపిచ్చి ఒక్కొక్కటే వదిలింది. చిటికెనవేలు వైపుది వదిలితే అరచెయ్యి ఎర్రబారలేదు, బొటనవేలు వైపుది వదిలితేనే రక్తం వచ్చింది. తర్వాత రెండు చేతులకూ, రక్తం పారేది రంగుల్లో చూపిచ్చే కలర్ డాప్లర్ స్కాన్ చేసి స్క్రీన్ మా పక్కకు తిప్పి చూపిచ్చింది.

చిటికెనవేలు వైపు అల్నార్ నరం, అల్నార్ ధమని రెండూ మణికట్టు దాటినాక ఒకే ఇరుకు సందులో పోతాయంట, గయాన్ కెనాల్ అంటారు, ఆ పక్కనే కొక్కెం మాదిరి ఒక ఎముక. గుద్దినప్పుడల్లా ధమని ఆ ఎముక మీద, దాగలి మీద పెట్టి కొట్టినట్టు నలిగి, ఉబ్బి, లోపల రక్తం గడ్డకట్టి, పక్కనున్న నరాన్ని నొక్కుతాంది. జోము నరం వల్ల, తెల్లబడేది రక్తం అందక. హైపోథీనార్ హ్యామర్ సిండ్రోమ్, అంటే అరచేతిని సుత్తి మాదిరి వాడి వాడి వచ్చే జబ్బు అని రాసిచ్చింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు జోము పడితే అది మీడియన్ నరం, కొందరికి తల్లి కడుపులో ఉన్నప్పుడే పోవాల్సిన మీడియన్ ధమని పోకుండా మిగిలి ఆ నరాన్ని నొక్కుతుందని కూడా చెప్పింది. బీడీ ఈరోజే మానెయ్యమని నాయనకు గట్టిగా చెప్పింది, నాకు అదే ఎక్కువ నచ్చింది.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండున్నర గంటలు కాచుకున్నాం, కుర్చీలు చాలవు, ముసలోళ్లు మెట్ల మీద కూర్చున్నారు. రిపోర్టు అంతా ఇంగ్లీషే, అడిగితే వెనకపక్క తెలుగులో నాలుగు ముక్కలు రాసిచ్చినారు.

ఐదుకు నాలుగు స్టార్లు. రిపోర్టు పట్టుకోని రక్తనాళాల సర్జన్ కాడికి పోయినాం, ఉబ్బిన ముక్క తీసేసి సిర అతికిస్తామన్నారు, వచ్చే వారం ఆపరేషన్. పోయేటోళ్లు పాత ఫిల్ములన్నీ తీసుకోని పొద్దున్నే పోండి, చెయ్యి చూసే డాక్టరమ్మ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.