ఓటు ఊళ్ళో ఉంచుకోవాలా, ఉంటున్న చోటికి మార్చుకోవాలా?

మా ఇంట్లో ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ. పదకొండేళ్ళుగా మేం ఉంటున్నది కాకినాడ పక్కన రమణయ్యపేటలో, ఓట్లు మాత్రం కాట్రేనికోన దగ్గర మా అత్తవారి ఊళ్ళో. 2019లో ఇద్దరం అక్కడే వేశాం. 2024లో నేను మార్పించుకుని ఇక్కడ వేశాను, మా ఆయన ఊరెళ్ళి వేసొచ్చారు. రెండూ చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఊళ్ళో ఓటంటే పండగే, కాదనను. బూత్ మా ఆయన చదువుకున్న బడిలోనే, ఏజెంట్లుగా కూర్చున్నవాళ్ళు ఏ పార్టీ అయినా వరసకి బావో బాబాయో అవుతారు, లైన్లో నిలబడితే "ఏమ్మా, పిల్లల్ని తీసుకురాలేదా" అని అడిగేవాళ్ళు పదిమంది. పేరు గల్లంతవుతుందన్న భయం కూడా తక్కువ. బీఎల్‌వో (ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారి) వచ్చి ఇంటికి తాళం చూసినా పక్కింటివాళ్ళు "మనవాళ్ళేనండి, ఓటుకి వస్తారు" అని చెప్పేస్తారు.

కానీ ఆ పండగలో నాకు ఊపిరాడనిది ఒకటుంది. "ఆ ఇంట్లో ఐదు ఓట్లు" అని ముందే లెక్కేసేస్తారు. మామగారు అరుగు మీద కూర్చుని ఎవరికో మాట ఇచ్చేసి ఉంటారు, ఆ ఐదింట్లో నాదీ ఒకటి. లోపల మీట నొక్కేది నేనే, ఎవరూ చూడరు, తెలుసు. అయినా బయటికొచ్చాక అందరి మొహాలూ చూడాలి కదా, చెయ్యి ఒక్క క్షణం తడబడుతుంది.

ఇక ఇక్కడ. కాకినాడ రూరల్ నియోజకవర్గం చరిత్ర చూడండి: 2009లో ప్రజారాజ్యం, 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో జనసేన. నాలుగు ఎన్నికలు, నాలుగు పార్టీలు. 2009లోనూ 2019లోనూ గెలిచింది కురసాల కన్నబాబు ఒక్కరే, పార్టీలే వేరు. పోర్టు పనుల కోసం, ఉద్యోగాల కోసం, పిల్లల చదువుల కోసం కోనసీమ నుంచీ తుని వైపు నుంచీ వచ్చి అద్దెకి దిగినవాళ్ళు, కొత్త లేఅవుట్లలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ఎంతమందో. ఏ వీధి ఎవరిదో చెప్పడం కష్టం. నాకు నచ్చింది అదే. 2024 మే 13న నా బూత్‌లో ఏజెంటుకి నేనెవరో తెలియదు, జాబితాలో పేరు చూసుకుని టిక్కు పెట్టుకున్నాడు, అంతే. పార్లమెంటు ఓటు యంత్రం మీద తెల్ల బ్యాలెట్ కాగితం, అసెంబ్లీ యంత్రం మీద గులాబీ రంగుది. మీట నొక్కాక వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపించే యంత్రం) అద్దం వెనక లైటు వెలిగి, నేను నొక్కిన గుర్తున్న చీటీ ఏడు సెకన్లు నిలబడి కింద పడింది. ఆ ఏడు సెకన్లూ నేను మామగారి కోడల్ని కాను.

ఇక్కడి చిక్కు కూడా చెప్పాలి. అద్దె ఇల్లు మారితే, బీఎల్‌వో వచ్చినప్పుడు తాళం ఉంటే, పక్క ఫ్లాటువాళ్ళకి మన పేరే తెలియకపోతే, "ఇల్లు మారారు" అని రాసుకుని పేరు తీసేసే ప్రమాదం ఉంది. మా పై అంతస్తు ఆవిడకి అదే జరిగింది, కార్డు చేతిలో ఉంది, జాబితాలో పేరు లేదు, ఏడుపు మొహంతో వెనక్కి వచ్చింది. కార్డుంటే చాలదు, జాబితాలో పేరుండాలి. అందుకే ముసాయిదా జాబితా వచ్చినప్పుడే చూసుకోండి, అనుమానముంటే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చెయ్యండి. నామినేషన్ల గడువు ముగిశాక ఇక పేర్లు కలపరు.

చట్టం ప్రకారం కూడా, ఊళ్ళో ఇల్లుందన్న ఒక్క కారణంతో అక్కడ ఓటు ఉండదు, మామూలుగా నివసించే చోటే ఉండాలి. రెండు చోట్లా ఉంచుకోవడం అసలే కుదరదు. మారడానికి ఫారం 8 చాలు.

మా రోడ్డు గుంతలు, డ్రైన్లు, నీళ్ళు, పిల్లల బడి, అన్నీ ఇక్కడి ఎమ్మెల్యే చేతిలో ఉన్నప్పుడు, రెండు గంటలు బస్సులో నిలబడి తాళ్లరేవు, యానాం దాటి, ఎదుర్లంక వంతెన మీదుగా వెళ్ళి ఇంకో ఎమ్మెల్యేని ఎన్నుకోవడం నాకు న్యాయం అనిపించలేదు. కాబట్టి నా మాట: మార్చుకోండి.

పొద్దున్నా, సాయంత్రమా అంటే పొద్దున్నే. సాయంత్రం ఆరులోపు లైన్లో ఉంటే స్లిప్పులిచ్చి ఎంత రాత్రయినా వేయిస్తారు, నిజమే, కానీ మే ఎండలో నాలుగింటికి కూడా కాళ్ళు కాలతాయి. ఏడింటికల్లా వెళ్తే చల్లగా పని అయిపోతుంది.

మా ఆయన ఇంకా ఊరి ఓటు వదలనంటున్నారు, వాళ్ళమ్మని బూత్‌కి ఎవరు తీసుకెళ్తారని. ఆవిడకి డెబ్భై తొమ్మిది. 2024 లెక్కన ఇంటి నుంచే ఓటెయ్యాలంటే 85 నిండాలి, లేదా 40 శాతం వైకల్యం ఉండాలి, ఆవిడకి రెండూ వర్తించవు. ఈసారి నేను చెప్పేశాను: ఇద్దరం ఇక్కడ ఏడింటికి వేసేసి, తొమ్మిదింటి బస్సెక్కితే మధ్యాహ్నానికి ఊళ్ళో ఉంటాం. ఎండ తగ్గాక ఆటోలో అత్తగారిని బడి గుమ్మం దాకా నేనే తీసుకెళ్తాను. దానికి మా ఓట్లు అక్కడ ఉండక్కర్లేదు.